బండి వెడల్పు

దస్తావేజులో ఉన్నది ఒక్కటే ముక్క:
"గడ్డి నింపిన ఎద్దుబండి పట్టేంత దారి."
మీటర్లు లేవు, మూరలు లేవు.
నూట పదేళ్లు దాటిన సిరా
చెమ్మ తగిలి వంకాయ రంగుకి తిరిగింది.

కొలిచి రమ్మని కోర్టు నన్ను పంపింది.
గలీషియా కొండలు, మార్చి నెల,
పడుతోందో ఆగిందో తెలియని తుంపర.
దారికి అటూ ఇటూ నాచు పట్టిన రాతిగోడలు,
అడ్డంగా మాత్రం కొత్త గొలుసు.
దాని తాళానికి ఇంకా
అంగడివాడి ధర చీటీ వేలాడుతోంది.

గొలుసు బాల్బినోది.
గొలుసు అవతలి పచ్చిక ఎర్మీతాస్‌ది.
ఏడు ఆవులు, ఒక ట్రాక్టరు ఆమెకి,
ఆ పచ్చికలోకి వేరే దారి లేదు,
"రెక్కలుంటే తప్ప" అంది నాతో.

"నేనొద్దన్నానా?" అన్నాడతను,
"బండి పోయినంత మేర పొమ్మనండి.
ట్రాక్టరు నా గోడ రాళ్లు రెండు పడగొట్టింది."
ఆ రెంటినీ కడిగి తుడిచి
కిటికీ గూట్లో దాచుకున్నాడు, సాక్ష్యానికి.

ట్రాక్టరు: రెండు మీటర్లకు రెండు వేళ్లు తక్కువ.
మలుపు దగ్గర దారి: రెండు మీటర్లకు రెండు వేళ్లు ఎక్కువ.
ఇక బండి కావాలి.
బండ్లెక్కడివి ఇప్పుడు?
ఒకటి హోటలు గుమ్మంలో పూలకుండీలు మోస్తోంది.
ఒకటి ఏదో చలికాలం పొయ్యిలోకి పోయింది.
మిగిలిన ఒక్కటీ బాల్బినో కొట్టంలో
బంగాళదుంపల సంచుల వెనక.
చేసింది ఎర్మీతాస్ తండ్రి.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పలేదు.
ఇరుసు మీద చెక్కిన పొడి అక్షరాలు చెప్పాయి.

ఎద్దులు లేవు.
నా చేతుల్లో టేపూ కాగితాలూ.
కాడికి అటు డెబ్బై ఆరేళ్ల ఆయన,
ఇటు డెబ్బై రెండేళ్ల ఆమె,
పదకొండేళ్లుగా ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లు.
"నీవైపు లాగకు."
"లాగేది నువ్వు."

అప్పుడు బండి అరిచింది.
చక్రంతో పాటే తిరిగే ఎండు ఇరుసు
లోయ అటు చివరిదాకా పొడుగ్గా, కోతగా, ఒకటే కేక.
నేను చెవులు మూసుకున్నాను.
ఆమె అంది, నాతో కాదు, దారితో అన్నట్టు:
"నూనె లేక కాదు, కావాలనే రాసేవాళ్లు కాదు.
ఇద్దరు పట్టని దారి కదా.
మా నాన్న బండి మర దగ్గర కదిలితే
నీ నాన్న మలుపులో ఆగేవాడు, విని."
బాల్బినో కాడిని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.
"ఆగేవాడు" అన్నాడు. "తిడుతూ ఆగేవాడు."

మలుపులో బండి గోడకి రాసుకుంది.
ఒక రాయి రాలింది. మూడోది.
గోడ అతనిది, బండీ అతనిదే,
తోసిన చెయ్యి ఎవరిదో రాయాలా వద్దా అని
పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను.
బండి: ఒకటీ అరవై.
కానీ దస్తావేజు "నింపిన" అంటోంది.
గడ్డి పక్కలకి ఎంత పొంగుతుందో ఏ చట్టం చెబుతుంది?
కోతకి ఇంకా మూడు నెలలు.
"జూన్‌లో మళ్లీ కొలవాలి" అని రాసి సంతకం చేశాను.

బండి ఆమె పచ్చికలోనే ఉండిపోయింది,
ఎత్తు ఎక్కించే ఓపిక ఇద్దరికీ లేదు.
"రేపు తీసుకుపో" అంది, "నా పొలంలోకి
నన్నడిగి వచ్చి."
గొలుసు ఆ రాత్రి నేల మీదే పడుంది.

మర్నాడు బస్సు కోసం నిలబడ్డాను.
పొగమంచు. ఏమీ కనబడదు.
కింద ఎక్కడో బండి కేక మొదలైంది,
మనవణ్ణి తోడు తెచ్చుకున్నాడు కాబోలు.
దానికి ఎదురుగా ట్రాక్టరు చప్పుడు.
దగ్గరైంది. ఇంకాస్త.
మలుపు ఉండాల్సిన చోట
ఇంజను నెమ్మదించి, ఆగింది.
కేక దాటిపోయేదాకా
తిట్లు మాత్రం స్పష్టంగా వినిపించాయి,
ఆడగొంతుతో.